ఇంకో అంగుళం

"ఇంకా కిందికి దిగదా అన్నా?"

పొద్దుటినుంచి నవీన్‌ది ఇదే పాట. కొమురెల్లికి విసుగొచ్చింది.

మట్టెవాడలో కొమురెల్లిది వీల్ అలైన్‌మెంట్ షాపు. కార్లను నేలకు దగ్గరగా దించే స్ప్రింగులు కూడా వేస్తాడు. కుర్రాళ్ల కారు పిచ్చి అతనికి కొత్తేం కాదు. అయినా ఇలాంటి పిచ్చి మాత్రం చూడలేదు. నవీన్ కారు కొని నెల కూడా కాలేదు. పక్కన ఏ కారు నిలబడినా పొట్టిదనిపించేంత ఎత్తు. అంత ఎత్తు కారును ఏరికోరి కొనుక్కున్న మనిషి, ఇప్పుడు దాన్ని నేల మీద కూర్చోబెట్టమంటున్నాడు.

కొమురెల్లి స్ప్రింగులు ముందు పెట్టాడు.

"నా మాటిను తమ్మీ. ఇది ఒక్క అంగుళం దించుతది. బండి మెత్తగ పోతది, సూడ్డానికి సుత మంచిగుంటది."

"అన్నిట్ల కన్న ఎక్కువ దించేది ఏదన్నా?"

"గిది. రెండంగుళాలు. కానీ తొవ్వల ఉన్న ప్రతి గులకరాయి నీ నడుముకు తెలుస్తది."

"తెల్వనియ్యి. అదే ఎయ్."

ఏ కంపెనీదని అడగలేదు. మలుపుల్లో బండి ఎలా ఉంటుందని అడగలేదు. కొమురెల్లికి ఒళ్లు మండింది. స్ప్రింగులంటే అతనికి ప్రాణం. వాటి గురించి చెప్పడమంటే ఇంకా ప్రాణం.

"ఎప్పటికి గావాలె?"

"ఇయ్యాల్నే. రేపు పొద్దుగాల అమ్మను తీస్కోని మేడారం సమ్మక్క జాతరకు పోతానం."

కొమురెల్లి పానా కింద పెట్టేశాడు.

"జాతర తొవ్వలనా? ఆ గుంతలల్ల గీ దించిన బండి ఏస్కోని పోతవా? పొట్ట గీరుకపోతది తమ్మీ. నా షాపు పేరు వోతది."

"జాతర అయినంక మళ్ల పాత స్ప్రింగులే ఏద్దువన్నా. అవి జర భద్రంగ దాచిపెట్టు."

"గంతదానికి ఇంత కిరికిరి ఎందుకే?"

"నన్నేం అడగకు. ఈ జాతర గట్టెక్కితే సాలు. కానీ అమ్మకు మాత్రం తెల్వద్దు. తెలిసిందంటే నా పని ఖతం."

ఓహో, అదా సంగతి అనుకున్నాడు కొమురెల్లి. దోస్తుల ముందు జాతరలో షో కొట్టాలి, అమ్మకు మాత్రం దొరకొద్దు. అమ్మ కొంగు చాటు రేసు వీరుడన్నమాట. కోపం పోయి నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికల్లా స్ప్రింగులు ఎక్కాయి. బండి దించితే చక్రాలు ఒరుగుతాయి. సరిచేయకపోతే టైర్లు లోపలివైపు అరిగి నాశనమవుతాయి. కొమురెల్లి మిషన్ మీద పెట్టి, చెమటలు కక్కుతూ నాలుగు చక్రాలనూ దారిలోకి తెచ్చాడు.

"ఇగ స్టీరింగు ఇడిసిపెట్టినా గీత గీసినట్టు పోతది," అన్నాడు గర్వంగా.

నవీన్ వింటే కదా. బండి దించుకున్నవాడెవడైనా ముందు టైరుకూ దాని మీది రేకుకూ మధ్య సందు ఎంత తగ్గిందో చూసుకుని మురిసిపోతాడు. ఇతను టైర్ల వంకే చూడలేదు. టేపు తీసి నేల నుంచి టాపు దాకా కొలిచాడు. ముఖం వేలాడేశాడు.

"గింతేనా?"

"రెండంగుళాలని ముందే జెప్పిన. రెండంగుళాలే దిగింది."

"టైర్లల్ల గాలి తీస్తే?"

"తీస్తే పొద్దటి సంది నేను జేసిందంత మట్టి కొట్టుకపోతది."

"అయితే టాపు మీది రెయిలింగు ఇప్పెయ్. ఆ యాంటెనా సుత."

"అవి నిన్నేం జేసినయ్?"

"ఇప్పెయ్యన్నా, నీకు దండం వెడ్త. ఇంకో ముచ్చట. మా బావ మస్తు లావుంటడు. ఆయినను డిక్కీల కూసోవెడితే ఇంకో అంగుళం దిగదా?"

కొమురెల్లి దగ్గరికొచ్చి నవీన్ నోటి దగ్గర వాసన చూశాడు. మందు వాసన రాలేదు. దాంతో ఇంకా భయమేసింది.

"తమ్మీ, దవాఖానకు పోదామా?"

"మంచిగనే ఉన్ననన్నా. నువ్వు ఇప్పు."

రెయిలింగు ఊడింది. యాంటెనా ఊడింది. నవీన్ మళ్లీ కొలిచాడు. ఈసారి ముఖంలో వెలుగు కనబడింది. కొమురెల్లి చేతులు పట్టుకుని, "సచ్చి నీ కడుపున పుడ్తనన్నా," అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

సరిగ్గా అప్పుడే షాపు ముందు ఆటో ఆగింది. జాతర సామాను కొనడానికి బజారుకొచ్చిన మొగిలమ్మ, కొడుకు కారు కనబడి ఆటో ఆపించింది.

"అమ్మ," అన్నాడు నవీన్. గబగబా వెళ్లి కారుకు అడ్డంగా నిలబడ్డాడు. అంత కారు అతని వెనక దాగుతుందా?

మొగిలమ్మ చేతిలో సంచితోనే కారు చుట్టూ తిరిగింది. ముందు చూసింది, వెనక చూసింది. బోడిగా ఉన్న టాపును చేత్తో నిమిరింది.

పాపం అనిపించి కొమురెల్లి కల్పించుకున్నాడు.

"ఏం లేదు చిన్నమ్మా, సర్వీసింగుకు తెచ్చిండు."

"సర్వీసింగు జేస్తే బండి కుంగిపోతదా బిడ్డా?"

"స్టయిలమ్మా," అన్నాడు నవీన్ నేల చూపులు చూస్తూ. "ఇప్పుడు అందరు గిట్లనే ఏపిచ్చుకుంటాండ్లు."

ఇక తిట్లు మొదలవుతాయని కొమురెల్లి రెండడుగులు వెనక్కి వేశాడు. మొగిలమ్మ తిట్టలేదు. కొడుకు భుజం తట్టి, తాపీగా వెళ్లి ఆటోలో కూర్చుంది.

"నువ్వెంత దించుకుంటవో దించుకో కొడకా, దీని టాపు దాంక నీతోని బెల్లం పేర్పిస్తనని సమ్మక్క తల్లికి మొక్కిన గదా, అందుకనే ఇది ఇంటికొచ్చిన నాడే తాడువెట్టి కొలిచి ముడేసుకున్న."