ఏడడుగుల మజీదు

"మాచర్ల మజీదు కూతకొచ్చాడు. ఏడడుగుల మనిషి! తొడ చరిస్తే గురజాల మొత్తం దుమ్ము లేచింది!"

అమరేశ్వరరావు తన తొడ కూడా ఫట్‌మని చరిచాడు. బల్లల మీద టీ గ్లాసులు గలగలలాడాయి.

గురజాల బస్టాండు పక్కన ఆయన హోటలు. టీ నీళ్ళలా ఉంటుంది. అయినా జనం విరగబడతారు, ఆయన చెప్పే చెడుగుడు కథల కోసం. రేపు మాచర్లతో ఫైనలు. పదకొండేళ్ళ కిందట, యాభైమూడులో, ఇదే ఊళ్ళో మాచర్ల ఓడిన కథ ఇయ్యాళ కాకపోతే ఇంకెప్పుడు చెప్తాడు?

"రెండువైపులా ఒక్కొక్కడే మిగిలాడు. మనోణ్ణి అంటుకుని గీత తాకితే మజీదు గెలిచినట్టే. అప్పుడు మనోడు ఒక్క చూపు చూశాడయ్యా... అంతే! అంత మనిషీ తోక ముడిచి పారిపోయాడు!"

ఈలలు, కేకలు.

"మజీదొచ్చె, పారిపోయె!" అంటూ హోటలంతా ఒక్క గొంతుతో పాట అందుకుంది.

మూల బల్ల దగ్గర ఓ కొత్త మనిషి కూర్చునున్నాడు. పొట్టిగా, బక్కగా ఉన్నాడు. తలకు తువ్వాలు, ఒళ్ళో చేతిసంచి.

"ఏడడుగులు లేడండీ," అన్నాడు మెల్లగా. "పారిపోనూ లేదు."

అందరూ అటు తిరిగారు.

"అయితే నువ్వు చెప్పు పెద్దాయనా, విందాం," అన్నాడు మరియదాసు. రోజూ ముందు బల్ల అతనిదే.

ఆయన చెప్పాడు. తొడ చరవలేదు. లేచి నిలబడనూ లేదు. ఆటంతా వదిలేసి ఆఖరి కూత ఒక్కటే చెప్పాడు.

"లోపలికెళ్ళేటప్పుడు ఛాతీ నిండా గాలుంది. నాలుగో అడుగుకే నోరెండిపోయింది. వేళ్ళకు మీవాడి మోచెయ్యి తగిలింది. వెనక్కి తిరిగితే గీత మూడడుగులుంది. రెండో అడుగులో, చెడుకీ గుడుకీ మధ్యన, రవ్వంత ఊపిరి లోపలికి పోయింది. అంపైరుకు వినపడలా. గీత తాకగానే ఈల వేసేశాడు. మాచర్లోళ్ళు ఎత్తుకోబోయారు. అప్పుడు తనే చెయ్యెత్తి, కూత తెగిందని అంపైరుకు చెప్పి బయటికి నడిచాడు. ఆ గోలలో జనం ఆ మాట వినలేదండీ. నడిచిపోవటం ఒక్కటే చూశారు."

అమరేశ్వరరావు తనూ ఊపిరి బిగబట్టి విన్నాడు. అలా విన్నానని తెలిసేసరికి ఒళ్ళు మండిపోయింది.

"ఇది చెడుగుడు కథా, ఉబ్బసపోడి కథా?" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు.

"ఒక్క గుక్కకి ఇంతసేపా!" అంటూ మరియదాసు ఆవలించాడు. "మా అమరేశ్వరరావన్నయితే ఈపాటికి రెండు ఆటలు ముగించేవాడు."

అమరేశ్వరరావుకు ఊపొచ్చింది. "అంపైరుకే వినపడలేదంటివి. మరి నీకెట్టా వినపడిందయ్యా? నీవేమన్నా రేడియో చెవులా?"

ఆయన సంచి తీసుకుని లేచాడు.

"కథ మీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకోండి. ఆ పారిపోయాడన్న మాటొక్కటి తీసెయ్యండి. రేపు ఒక్కరోజన్నా అనబాకండి. మీకు దణ్ణం పెడతా."

"కథంతా ఆ మాటలోనే ఉంది! అది తీస్తే నా కథ ఎవడింటాడు? వెళ్ళెళ్ళు!"

మర్నాడు బరి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. మాచర్లోడు ఎవడు కూతకొచ్చినా ఒకటే గోల. "మజీదొచ్చె, పారిపోయె!" మొదలెట్టేది అమరేశ్వరరావే.

ఆటలో మళ్ళీ రెండువైపులా ఒక్కొక్కడే మిగిలాడు. మాచర్ల కుర్రాడు కూతకొచ్చాడు. జనం గొంతులు చించుకుంటున్నా అతను తల తిప్పలేదు. గురజాలవాణ్ణి అంటుకున్నాడు, వెనక్కి దూకి గీత తాకాడు. ఈల పడింది.

మాచర్ల గెలిచింది. జనం నీరుగారిపోయారు.

అంతలో కుర్రాడు చెయ్యెత్తాడు.

"కూత తెగిందండీ."

"నాకు వినపడలేదే!" అన్నాడు అంపైరు.

"ఎవరికీ వినపడదండీ. కూసినోడికే తెలుస్తది."

నీకెట్టా వినపడిందయ్యా అని నిన్న తను అడిగిన మాట అమరేశ్వరరావు చెవుల్లో గింగురుమంది.

కప్పు గురజాలకే వచ్చింది. ఎవడూ ఈల వెయ్యలేదు.

అమరేశ్వరరావు జనాన్ని తోసుకుంటూ కుర్రాడి దగ్గరికెళ్ళాడు. సిగ్గుతో మొహం చెల్లటం లేదు.

"నిన్న మా హోటలుకి ఒకాయన వచ్చాడు బాబూ... తలకి తువ్వాలు, చేతిలో సంచి. ఎక్కడున్నాడో తెలుసా? ఆయన కాళ్ళు పట్టుకోవాలి నేను."

"నా ఆట చూద్దామనే వచ్చాడండీ. పదకొండేళ్ళకి ఈ ఊళ్ళో అడుగుపెట్టాడు. పారిపోయాడని జనం తననంటుంటే నేను తట్టుకోలేనని, తను ఎదురుగా ఉంటే నా కూత నిలవదని, పొద్దున మొదటి బస్సుకే వెళ్ళిపోయాడు."

"ఆయన నీకేమవుతాడు?" అన్నాడు అమరేశ్వరరావు, అడక్కుండానే తెలిసిపోయినా.

"మా నాయనండీ, అబ్దుల్ మజీద్," అన్నాడు, అమరేశ్వరరావు భుజం దాకా కూడా రాని ఆ కుర్రాడు.