అమ్మను

పార్కులో ఆర్ట్ షో. మా ఫొటోల డేరా గాలికి లేచిపోకుండా చెల్లి ఒక గుంజ, నేనొక గుంజ పట్టుకున్నాం. పొద్దుట్నుంచీ ఒక్క ఫ్రేమూ కదల్లేదు. ఆగినవాళ్లంతా ఫ్రేముల అద్దాల్లో జుట్టు సర్దుకుని పోయారు.

చివరికొకాయన నిలబడ్డాడు. "సూదిలో దారం ఎక్కిస్తున్న ఆవిడ ఫొటో ఇవ్వండి."

అది జనం కళ్లబడాలని ముందు తగిలించిందే గానీ అమ్మకానికి కాదు.

"అమ్మను," అన్నాను.

"ఎంతైనా ఇస్తాను."

"అమ్మనన్నానా! మా అమ్మండీ ఆవిడ."

ఆయన చిన్నబుచ్చుకుని వెళ్లిపోతున్నాడు.

చెల్లి గుంజ వదిలేసింది. "ఏ అమ్మను, అన్నయ్యా? ఈ అద్దం వెనకున్న అమ్మనా? ఆపరేషన్‌కి డబ్బు తెస్తామని ఆస్పత్రిలో ఎదురుచూస్తున్న అమ్మనా?"

డేరా కూలింది. అమ్మను చంకనేసుకుని ఆయన వెనక పరిగెత్తాను.