పదకొండో నంబరు

"శుక్రవారం పదకొండింటికి, రంగు పోయిన తాలు కాయలు పోవాల్సిన లారీలో నలభై టిక్కీల మేలురకం తేజ మిర్చి పోయింది. పంపింది నువ్వే. ఇదిగో, నీ నంబరే!" అంటూ మేనేజర్ చైతన్యకృష్ణ కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు.

నాగూర్ వలి కాగితం చూడలేదు. పక్కన వరసగా నిలబడ్డ నలుగురి వంక చూశాడు. సత్తెనపల్లి రోడ్డు మీది ఆ కోల్డ్ స్టోరేజీలో మిర్చి లాట్లు చూసుకునే గుమాస్తాలు వలితో కలిపి ఐదుగురు. ఆ నలుగురూ ఇప్పుడు నేల చూపులు చూస్తున్నారు. నేల మీద ఏముందో మరి, నాలుగు మిరప గింజలు తప్ప.

"శుక్రవారం పదకొండింటికి నేను ఛాంబర్‌లోనే లేను సార్. గేటు దగ్గర కాటా వేయిస్తున్నా. కావాలంటే చెంచయ్యనడగండి" అన్నాడు వలి.

అడగడానికి చెంచయ్యకన్నా తగినవాడు లేడు. ఆ పూట తేజ టిక్కీలు, ఆ నలభై బస్తాలూ, బయటికి తీయించింది అతనే. 'తప్పు లాటు' అని చేతిలోని స్కానింగ్ మిషన్ కీచుమంటున్నా వినిపించుకోకుండా 'సరే' నొక్కిందీ అతనే. పొద్దున టీ బంకు దగ్గర తనే ఒప్పుకున్నాడు కూడా. "నీ మీదికి రానిస్తానంట్రా? సారుకి నేనే చెప్తాలే" అన్నాడు. ఆ టీ కూడా వలే తాగించాడు.

"ఏం చెంచయ్యా?" అడిగాడు మేనేజర్.

"నాకు గుర్తు లేదు సార్."

వలి చప్పున అతని వంక తిరిగాడు.

అంతదాకా కంప్యూటర్ ముందు కూర్చునివున్న హారిక తలెత్తింది. గుంటూరు నుంచి వచ్చి, ఆ ఐదు చేతి మిషన్లలో సాఫ్ట్‌వేరు వేసి, ఆఫీసు లెక్కలతో కలిపింది ఆ అమ్మాయే. పదిహేను రోజుల కింద ఒక్కొక్కరికీ ఒక నంబరు, ఒక పాస్‌వర్డ్ ఇచ్చి, "ఎవరిది వాళ్ళే వాడాలండీ" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

"వలి గారూ, మీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా చెప్పారా అండీ?"

"చెప్పానమ్మా. వీళ్ళందరికీ చెప్పా."

దాచడానికేముంది? ఛాంబర్ లోపల ఎముకలు కొరికే చలి. చేతులకి బొంత లాంటి గ్లవుజులు. రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు, మిషన్ నిద్రపోతుంది. లేపాలంటే మళ్ళీ నంబరూ పాస్‌వర్డూ కొట్టాలి. మిగతావాళ్ళ పాస్‌వర్డ్‌లు ఆ గ్లవుజులతో కొట్టబోతే ఒకటికి మూడు అక్షరాలు పడేవి. వలిది పదకొండో నంబరు, పాస్‌వర్డ్ నాలుగు ఒకట్లు. ఒక్క మీటే, టకటకా నొక్కితే అయిపోయె. "నీదే బాగుందిరా వలీ!" అని మొదటి రోజే అందరూ దానికి మరిగారు. పోనీలే, మనవాళ్ళే కదా అనుకున్నాడు వలి.

"పాస్‌వర్డ్ బయటికి చెప్తే ఉద్యోగం తీసేస్తామని రాసిచ్చాం, తెలుసా?" అన్నాడు మేనేజర్. "వీళ్ళు వాడారంటున్నావు, వీళ్ళ చేతే చెప్పించు."

"చెప్పండ్రా!" అన్నాడు వలి.

"వాడి నంబరు నాకెందుకు సార్? నాది నాకుందిగా" అన్నాడు చెంచయ్య. "పదకొండో నంబరు ఒక్కసారన్నా నొక్కుంటే నా పిల్లల మీద ఒట్టు!"

ఒక గొర్రె దూకాక మంద ఆగుతుందా? యూసుఫ్ తనకి తెలియదన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు.

సాయంత్రం ఇంటికెళ్ళి భార్య నస్రత్‌కి ఉద్యోగం పోయిందని ఎలా చెప్పాలి? ఆ దిగులుకన్నా చెంచయ్య వేసిన ఒట్టు వలిని ఎక్కువ మండించింది. చెంచయ్యకి కామెర్లొస్తే నెల్లాళ్ళు అతని పనీ తన పనీ తానే చేశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

మేనేజర్ తెల్లకాగితం తీసి గబగబా రాశాడు. "మేం నలుగురం వలి నంబరు ఎన్నడూ వాడలేదు, మా నంబర్లతోనే పని చేశాం. ఇదీ రాసింది. సంతకాలు పెట్టండి."

మొదటి సంతకం చెంచయ్యదే. పెన్ను యూసుఫ్‌కి అందిస్తుంటే వలి అడిగాడు.

"చెయ్యన్నా వణకలేదేంరా చెంచయ్యా?"

"పిల్లలు గలవాణ్ణిరా" అని గొణిగాడు చెంచయ్య.

"నావి మరి కోడిపిల్లలంట్రా?"

చెంచయ్య మొహం తిప్పుకున్నాడు. నాలుగు సంతకాలూ పడ్డాయి. మేనేజర్ ఒక్కొక్కటీ సరిచూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వలి మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టబోయాడు.

"ఆగు వలీ" అన్నాడు మేనేజర్. "హారిక గారూ, మిషన్లు వచ్చిన రోజు నుంచి ఎవరెవరు ఎన్ని టిక్కీలు చూశారో మొత్తం తీయండి."

ప్రింటరు బర్రుమంటూ పేజీలు కక్కింది. మేనేజర్ మొదటి పేజీ చూశాడు, మధ్య పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు. కళ్ళజోడు తీసి నలుగురి వంకా తిరిగాడు.

"లోపలికొచ్చిన ప్రతి టిక్కీ, బయటికి పోయిన ప్రతి టిక్కీ పదకొండో నంబరు మీదే ఉంది. ఆ నంబరు మీరెవరూ ముట్టుకోలేదు, సంతకాలు కూడా పెట్టారు. మరి ఈ పదిహేను రోజులూ మీరు నలుగురూ ఇక్కడ చేసిన పనేంటి?"