కింద ఎడమ, చివరి నుంచి రెండోది

"ఈ కార్డు మీరు రాసిందేనా డాక్టరుగారూ?"

"నేను రాసిందే."

"చదవగలిగేలా రాసే డాక్టర్ని ఇన్నాళ్ళకి చూశాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మార్చురీ గుమ్మంలో నిలబడి జోకులేస్తున్నాడు మహానుభావుడు!

పళ్ళ డాక్టరుకి నవ్వు రాలేదు. పాతికేళ్ళుగా ఎన్నో నోళ్ళు చూశాడు గానీ, శవం నోరు చూడటం ఇదే మొదటిసారి.

టైలరు ఇంట్లోంచి వెళ్ళి ఇరవై రోజులైంది. నిన్న కాలవలో ఒక శవం దొరికింది. వయసూ, ఎత్తూ సరిపోయాయి. మొహం మాత్రం గుర్తుపట్టేలా లేదు. టైలరు ఈమధ్యే పన్నుకి సిమెంటు పెట్టించుకున్నాడని ఇంట్లోవాళ్ళు చెబితే, పెట్టిన డాక్టర్ని పిలిపించారు.

వరండా బెంచీ మీద నుంచి టైలరు భార్య లేచి వచ్చింది. వెనకాలే ఆమె మరిది.

"ఆయన కాదని చెప్పండి డాక్టరుగారూ. మీకు పుణ్యముంటుంది."

"చూడనివ్వమ్మా."

"ఆ రోజు కూడా దవడ పట్టుకునే వెళ్ళారండీ. సిమెంటు పెట్టించుకున్నా నొప్పి తగ్గలేదు. పొద్దస్తమానం ఆ పన్ను గోలేనా అని నేనే కసిరాను."

"ఊరుకో వదినా," అన్నాడు మరిది. ఆ మాట అంటూ తనే ఏడ్చేశాడు.

డాక్టరు లోపలికి నడిచాడు. టైలరు గుర్తొచ్చాడు. కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరవమంటే, తెరిచిన నోరు మూయకుండా దర్జీ అయ్యుండీ తన పెళ్ళికి తనే బిగుతు చొక్కా కుట్టుకున్న కథంతా చెప్పాడు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

లోపల ఫినాయిల్ వాసన. చలి. ఇన్‌స్పెక్టరు కార్డు చూసి గట్టిగా చదివాడు.

"కింద ఎడమ, చివరి నుంచి రెండోది. పుచ్చు తీసి సిమెంటు పెట్టాను. అంతేనా?"

"అంతే."

డాక్టరు టార్చి వేసి, చిన్న అద్దంతో బుగ్గ పక్కకి జరిపాడు. ముందు ఎడమవైపు చూశాడు. తర్వాత కుడివైపు. టార్చి చేతిలోంచి జారబోయింది.

"భయపడకండి సార్. పోయినవాళ్ళు కరవరు. చెప్పండి."

"ఎడమవైపు... పుచ్చు అలాగే ఉంది. ఆవగింజ పట్టేంత గుంత."

"సిమెంటు ఊడిపోయిందేమో?"

"లేదు. ఈ పన్నుకి అసలు మెషినే తగల్లేదు."

"మరి కుడివైపు ఆ తెల్లగా కనిపిస్తున్నది?"

"అది... సిమెంటే."

"ఇంకేం! పెట్టిన సిమెంటు ఆ పక్క నుంచి ఈ పక్కకి నడిచి రాదుగా. ఇతనెవరో వేరే మనిషి. ఇక్కడ సంతకం పెట్టండి. అనాథ శవం కింద రాసి రేపు పొద్దున దహనం చేయించేస్తాం."

డాక్టరు పెన్ను పట్టుకున్నాడు. నోరు తెరవబోయాడు. కార్డు మీద తన రాత కనిపించింది. సంతకం గీత దాటి పోయింది.

"మంచినీళ్ళు తాగండి. మొదటిసారి అందరికీ ఇంతే," అన్నాడు ఇన్‌స్పెక్టరు జాలిగా.

బయట ఆ కబురు వినగానే టైలరు భార్య గోడకి జారగిలబడి భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది.

"రెండు రోజుల నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇప్పుడు ఆకలేస్తోంది," అంది మరిదితో. తర్వాత డాక్టరు రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "ఆయన రాగానే మీ దగ్గరికే లాక్కొస్తాను. ఆ నొప్పి సంగతేంటో ఈసారి మీరే తేల్చాలి."

"తీసుకురామ్మా," అన్నాడు డాక్టరు.

నెల క్రితం, టైలరు కబుర్లకి నవ్వుతూ నవ్వుతూ ఎడమవైపు పుచ్చిపోయిన పన్ను వదిలేసి కుడివైపు నిక్షేపంలాంటి పన్ను తొలిచి సిమెంటు పెట్టేసిందీ, లైసెన్సు పోతుందన్న భయంతో కార్డులో మాత్రం ఎడమ అని రాసుకున్నదీ ఆ చేతులే.