రెండో పట్టా

మిట్టమధ్యాహ్నం మబ్బు కమ్మింది. కళ్లాల్లో జనం పరుగులు తీశారు. డాబా మీద ఆరబోసిన మిరపకాయల మీదకి రాఘవమ్మ టార్పాలిన్ పట్టా లాగి, అంచులకు రాళ్లు పెట్టింది.

"ఏమేవ్! ఆ సోలార్ ప్యానెళ్ల మీద కూడా కప్పు. వడగళ్లు పడితే పగిలి చస్తాయి!" కింద గదిలో మంచం మీద నుంచి ఆయాసపడుతూ అరిచాడు భర్త అంకారావు.

రెండో పట్టా కప్పి తాడుతో బిగించింది.

చినుకైనా రాలకుండానే మబ్బు తేలిపోయింది. రాఘవమ్మ దాన్ని నమ్మలేదు. పట్టాలు తీయకుండా పొద్దువాలేదాకా డాబా మీదే కాపలా కూర్చుంది.

"ఒక్క కాయ కూడా తడవలేదయ్యా!" అని మెట్ల మీద నుంచే కేకేసింది.

జవాబు రాలేదు. మొన్నటి గాలివానకి ఊళ్లో కరెంటు పోయినప్పటినుంచీ ఆ ప్యానెళ్ల మీదే నడుస్తున్న అతని ఆక్సిజన్ మిషను చప్పుడు కూడా వినపడలేదు.