రాజుగారి జుకినీ కాపు

"మళ్ళీ జుకినీయేనా?" కంచంలోకి చూసి ఫణీంద్ర మొహం చిట్లించాడు.

"నన్నేం చెయ్యమంటారండీ? పొద్దున్నే మీ రాజుగారు గోడ మీద పెట్టారు," అంది సుప్రజ విసుగ్గా.

పక్కింటి వెంకటరామరాజుగారు భార్య పోయిన దగ్గర్నుంచి పెరట్లో ఈ సీమకాయ పెంచుతున్నారు. అది అటు బీరకాయా కాదు, ఇటు సొరకాయా కాదు. రుచీ పచీ లేదు, ఉడికిస్తే జావ. పైగా తొక్క మీద ఓ చోట వేలికంటుకునే జిగురు. ఏం మందు కొడుతున్నారో ఏమో, ఎంత కడిగినా వదిలి చావదు. ఎండలకి భీమవరంలో బీరపాదులే మాడిపోతుంటే ఈయనగారి కాపు మాత్రం ఆగదు!

కాయ ఒక్కటే అయితే ఎవరికో ఇచ్చి వదిలించుకునేది. పనిమనిషి చిట్టెమ్మకి ఇవ్వబోతే, "వద్దండీ బాబూ, మా గేదె కూడా ముట్టలేదండి" అని దణ్ణం పెట్టింది. అసలు చిక్కు గిన్నెతో. ఆయన కాయని స్టీలు గిన్నెలో పెట్టి ఇస్తారు. ఒకరిచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదాయె. ఓ రోజు రొయ్యల ఇగురు, ఓ రోజు గోంగూర పచ్చడి, ఇంకో రోజు ముద్దపప్పు. మర్నాడు పొద్దున్నే ఆ గిన్నె తళతళలాడుతూ మరో కాయతో గోడెక్కి కూర్చుంటుంది.

"ఇప్పుడే కోశానమ్మా, లేతది," అన్నారు ఇవాళ పొద్దున కూడా. "నిన్నటి ఇగురు అచ్చం మీ పిన్ని చేసినట్టే ఉంది."

"కాయలు ఇంక చాలు బాబాయిగారూ..."

"ఫర్లేదమ్మా, బోలెడు కాపుంది!"

ఫణీంద్ర కంచం తోసేసి లేచాడు. "రేపు కూడా ఇదే అయితే నేను హోటల్లో తింటాను. మొహం మీదే చెప్పెయ్."

"అంత పెద్దాయనకి ఎలా చెప్పనండీ?"

"అయితే ఖాళీ గిన్నె ఇచ్చెయ్. ఆయనే అర్థం చేసుకుంటారు."

సుప్రజకి మనసొప్పలేదు. బుద్ధెరిగాక ఏ ఇంటి గిన్నే అలా పంపలేదు. కానీ చెత్తబుట్టలో కుళ్ళుతున్న నిన్నటి కాయ కంపు గుప్పుమని ముక్కుకి కొట్టేసరికి ఆ మొహమాటం కాస్తా ఎగిరిపోయింది. ఛీ, ఇంక నావల్ల కాదు అనుకుంది.

సాయంత్రం రాజుగారు సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరడం కిటికీలోంచి చూసింది. ఎదురుపడితే మళ్ళీ మాటల్లో పెడతారు. ఆయన సందు మలుపు తిరగ్గానే కడిగిన గిన్నె తీసుకుని వాళ్ళ పెరటి గేటు తోసింది. వంటింటి గుమ్మంలో పెట్టి వచ్చేస్తే పీడ విరగడవుతుంది.

తలెత్తు గోడ అవతల నుంచి మాట్లాడటమే తప్ప, ఇన్నాళ్ళూ ఆమె ఆ పెరట్లో అడుగుపెట్టలేదు. గిన్నె పెట్టేసి, ఆ బోలెడు కాపేదో చూద్దామని ఒళ్ళుమంటగా అటు తిరిగింది.

మడిలో జుకినీ మొక్కలు ఎండిపోయి నెల దాటినట్టుంది. పక్కనే గట్టు మీద, కాయల మీంచి ఒలిచిన బజారు ధర స్టిక్కర్లు వరసగా అంటించి ఉన్నాయి.