గుండయ్యకు బొట్టు

నామినేషన్‌కు బయలుదేరిన కార్పొరేటర్ గుండయ్య, డప్పులతో గౌలిపురలోని సుశీలమ్మ గుమ్మం ముందు ఆగి, బొట్టు కోసం తల వంచాడు. సుశీలమ్మ హారతి పళ్లెంతో అతణ్ణి దాటి వెళ్లి, మనవరాలు రశ్మి నుదుట బొట్టు పెట్టింది.

"ఏంది పెద్దమ్మా, పోరికి హారతిస్తున్నవ్?"

"అది గూడ నామినేషన్‌కే పోతున్నది. నీ మీదనే."

గుండయ్య పకపకా నవ్వాడు.

"గిట్లనే నవ్వినవ్ ఆనాడు," అంది సుశీలమ్మ. "మోరీ పొంగి మురికినీళ్లు ఇంట్లకొస్తున్నయని ఇది నీ తాన్కొస్తే, ఓటు లేని పోరికి జవాబేందని నలుగురి ముంగట ఎల్లగొట్టినవ్. ఇప్పుడు ఓటున్నది. నిలబడే వయసు గూడ వచ్చింది."

డప్పులు ఆగిపోయాయి. నాలుగేళ్లుగా సుశీలమ్మ ఎదురుచూసింది ఈ నిశ్శబ్దం కోసమే. తృప్తిగా లోపలికి తిరగబోతుంటే రశ్మి చెయ్యి పట్టుకుంది.

"నానమ్మా, గుండయ్య కాకకు గూడ బొట్టు వెట్టు."

"వీనికెందుకే?"

"మన వార్డు ఓటరే గద! కాకా, నీ ఓటు నాకే ఎయ్యాలె. గెలిచినంక నీ మోరీ నిండితే నా దగ్గరికి రా. నవ్వకుంట జవాబు జెప్త."

గుండయ్య ముఖం మాడిపోయింది. తన పగ ఈ గుమ్మంలోనే తీరిపోయేదనీ, మనవరాలిది ఐదేళ్లు సాగుతుందనీ సుశీలమ్మకు అప్పుడు అర్థమైంది.

వెనక్కి వచ్చి, ఊరు విడిచి వెళ్లేవాణ్ణి సాగనంపుతున్నంత శ్రద్ధగా, గుండయ్య నుదుట బొట్టు పెట్టింది.